కాటాకు అవతలి వైపు నుంచి: వెచ్చాల ఖర్చుపై పాఠకుల ప్రశ్నలు

1983లో తెనాలిలో పచారీ కొట్టు తెరిచాను, 2019లో మూసేశాను. ఆ 36 ఏళ్లూ కాటాకు అవతల నిలబడి తూచి ఇచ్చినవాడిని, ఇప్పుడు సంచీ పట్టుకుని ఇవతలికి వచ్చాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటి సరుకుల గురించే. మా వైపు పెద్దవాళ్లు నెల సరుకులను ఇప్పటికీ వెచ్చాలు అంటారు. వెచ్చం అంటే ఖర్చే కదా, ఆ పేరు పెట్టినవాడెవడో తెలివైనవాడు. వంటింటి సంగతుల్లో నేను తడబడిన చోట మా ఆవిడ అందుకుంది. ఆమె మాట ఏదో, నా మాట ఏదో అక్కడక్కడే చెప్పాను.

బాబాయి గారూ, మేం నలుగురం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, పిల్లలు ఆరు, మూడు తరగతులు చదువుతున్నారు. బియ్యం నుంచి సబ్బు దాకా అన్నీ ఫోనులోనే తెప్పిస్తాం. రెండేళ్ల కిందట నెలకు పదకొండు వేలయ్యేది, ఇప్పుడు పదిహేను దాటుతోంది. ధరలు పెరిగాయని సరిపెట్టుకోవాలా? పోయిన నెల బిల్లులన్నీ పంపిస్తున్నాను.
— ఒక ఉద్యోగిని, హైదరాబాద్

అమ్మా, బిల్లులు పంపి మంచి పని చేశారు. ఖర్చు పెరుగుతోంది అని మాత్రమే రాస్తే నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. మా మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చదివించి, పాత అలవాటు కొద్దీ అట్టముక్క వెనక లెక్క వేశాను. మొత్తం 15,400 రూపాయలు. బియ్యం, పప్పులు, నూనె, చక్కెర, పోపు సామాను కలిపి 4,900. పాలు, పెరుగు 3,300. కూరలు, పళ్లు 2,700. సబ్బులు, గిన్నెలు తోమే సామాను 1,100. బిస్కెట్లు, చిప్సు, ఇడ్లీ పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, సీసా పానీయాలు 2,900. మిగిలిన 500 ఇంటికి తెచ్చి ఇచ్చినందుకూ, సంచిలో సర్దినందుకూ, తక్కువ కొన్నందుకూ వేసిన రుసుములు.

ధరలు పెరిగిన మాట నిజమే. కానీ ఆ మొదటి పద్దులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, నలుగురున్న ఇంటికి ఆ మాత్రం కావాలి. పొదుపు అనగానే చాలామంది పప్పు మీద పడతారు. కిలోకు పది రూపాయలు తక్కువని ముక్కపప్పో, పాతపప్పో తెచ్చుకుని, అది ఎంతకీ ఉడకక మిగిల్చిన పదీ గ్యాసుకు పోస్తారు. అక్కడ చెయ్యి పెట్టకండి.

నా కన్ను పడింది మరో అంకె మీద. నెలలో 43 సార్లు తెప్పించారు. ఇక్కడ నా పాత గుట్టు ఒకటి చెప్పాలి. నా కొట్టుకు రెండు రకాల ఇళ్లవాళ్లు వచ్చేవారు. ఒకటో తేదీన పొడుగాటి చీటీ పట్టుకుని వచ్చి, అన్నీ ఒక్కసారే కట్టించుకుని మళ్లీ నెల దాకా కనబడనివాళ్లు కొందరు. ఆవాలు అయిపోయాయని పొద్దున, సబ్బు లేదని సాయంత్రం పిల్లవాడిని పరుగెత్తించేవాళ్లు కొందరు. నాకు లాభం తెచ్చింది రెండో రకం. చీటీ ఉన్న మనిషికి చీటీలో లేనిది అమ్మడం కష్టం. ఆవాలకు వచ్చిన పిల్లవాడికి మాత్రం ఏదో ఒకటి అమ్మకుండా పంపిన రోజు లేదు. చాక్లెట్ల సీసాలు సరిగ్గా వాడి కంటికి ఎదురుగా వచ్చే అరలో పెట్టింది నేనే. ఇప్పుడు ఆ పని మీ ఫోను చేస్తోంది, నా కంటే ఓపికగా.

14వ తేదీ బిల్లు తీసి చూడండి. పది రూపాయల కొత్తిమీర కట్టతో మొదలై 186 రూపాయల దగ్గర ఆగింది. రుసుము తప్పించుకోవడానికి చిప్సు పొట్లం, చిప్సు ఉన్నాయి కదా అని సీసా పానీయం, ఎలాగూ తెప్పిస్తున్నాం కదా అని ఆవాలు. ఆ ఆవాలు ఆ నెలలో మూడోసారి. మీ వంటింట్లో ఇప్పుడు కనీసం రెండు ఆవాల పొట్లాలు విప్పకుండా ఉండాలి, వెతకండి.

మా ఆవిడ పద్ధతి చెబుతాను. చీటీ హాల్లో కూర్చుని రాయకూడదు అంటుంది. వంటింట్లో నిలబడి, డబ్బాల మూతలు తీసి, అడుగు చూసి రాయాలి. నెలకు రెండుసార్లు చాలు. ఆ మధ్యలో ఏదైనా అయిపోతే ఫోను తీయకుండా తలుపు మీద కాగితానికి రాసి అంటించాలి. సగం సరుకుల మాట మర్నాటికి మరచిపోతారు, లేకుండానే వంట అయిపోతుంది. కూరలు వారానికి ఒకసారి, చేత్తో ఏరుకుని తెచ్చుకోండి.

ఇడ్లీ పిండి ప్యాకెట్లు తొమ్మిది కనబడ్డాయి, ఒక్కోటి 85 రూపాయలు. కిలో పిండి. ఇంట్లో గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ వేస్తే, ఇప్పటి ధరల్లో యాభై రూపాయలకు అటూ ఇటుగా కిలోన్నర పిండి అవుతుంది. నెలకు నాలుగు వందల యాభై మిగులు. ఉద్యోగానికి వెళ్లే మనిషి ఎప్పుడు రుబ్బుతుంది అంటారా? ఆదివారం ఆ పావుగంట మీవారు నిలబడవచ్చు. గ్రైండరుకు ఆడా మగా తేడా తెలియదు. పెరుగు ప్యాకెట్ల విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పను. తోడు పెట్టుకుంటే ప్యాకెట్టుకు ఎనిమిదో పదో మిగులుతుంది, అంతే. అయితే తోడు పెట్టే ఇంట్లో రాత్రి మిగిలిన పాలు వృథా పోవు.

పిల్లల బిస్కెట్లు ఆపేయమని చెప్పేవాడిని కాదు. వాళ్లకు ఏమేం కావాలో వాళ్లనే చీటీలో రాయమనండి. అన్నీ పాటిస్తే మీ ఖర్చు రెండు వేలు తగ్గుతుంది. ఐదు వేలు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మా నెల్లూరులో బియ్యం బస్తాలు ఎప్పుడూ 25 కిలోలవే. కొన్నేళ్లుగా 26 కిలోలు వస్తున్నాయి. ఆ ఒక్క కిలో కొసరా, మోసమా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

రెండూ కాదు మాస్టారూ, పన్ను. 2022 జూలై 18 నుంచి, ముందే సంచికెత్తి ముద్రవేసి అమ్మే బియ్యం, పప్పు, పిండి 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది. అంతకు మించితే పడదు. దానితో మిల్లులవాళ్లు కిలో కలిపి 26 చేశారు. కొనేవాడికీ మేలే. కాబట్టి ఐదు కిలోల, పది కిలోల అందమైన సంచులు కొంటే ఆ పన్ను మీరే కడుతున్నట్టు. కొట్టువాడు బస్తా విప్పి మీ ఎదుట తూచి ఇచ్చే విడి సరుకుకు కూడా ఆ పన్ను లేదు.

మీరు ఇద్దరే ఉంటారని రాశారు కనుక ఒక మాట. బస్తా కొనండి, కానీ పాత బియ్యమా, కొత్తవా అని అడిగి కొనండి. సంక్రాంతి ముందు వచ్చే కొత్త బియ్యం చౌక. అన్నం ముద్దవుతుందని విసుక్కుంటారు గానీ, ఆరు నెలలు ఆగితే అవే పాత బియ్యం. పాతవి ఎక్కువ ఒదుగుతాయి, గ్లాసు తక్కువ పోసినా సరిపోతుంది. దాచేటప్పుడు వేపాకు ఎండబెట్టి వేసుకోండి. కొందరు పురుగు పట్టకుండా బోరిక్ పొడి కలుపుతారు. అది క్యారంబోర్డు మీద చల్లుకునేది, దయచేసి తినే గింజల్లో కలపకండి.

మా అమ్మ ఎండాకాలంలోనే ఏడాదికి సరిపడా అన్నీ కొని దాచేది. మేం అపార్టుమెంటులో ఉంటాం. ఇప్పుడు కూడా అలా కొంటే నిజంగా లాభమేనా?
— ఒక గృహిణి, ఖమ్మం

కొన్నింటికి లాభం, కొన్నింటికి బాధ. పంట చేతికి వచ్చే కాలం తెలిస్తే సగం లెక్క తెలిసినట్టే.

కొత్త కందులు డిసెంబరు నుంచి మొదలై, కొత్త పప్పు జనవరి, ఫిబ్రవరి, మార్చిలో బజారుకు వస్తుంది. దసరా నాటికి పాత నిల్వ పలచబడుతుంది, ధర పైకి చూస్తుంది. మిరపకాయలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల కొనాలి. గుంటూరు యార్డులో అప్పుడు వచ్చేది చేను నుంచి వచ్చిన కొత్త కాయ. ఎండాకాలం దాటాక దొరికేది ఎక్కువగా శీతల గిడ్డంగి నుంచి తీసిన కాయ, ఆ గిడ్డంగి అద్దె కూడా మీ కారంలోనే ఉంటుంది. మీకు ఖమ్మం యార్డు పక్కనే ఉంది, అదృష్టవంతులు. పసుపు కొమ్ములు కూడా అదే కాలం. నేను పక్కనే ఉన్న దుగ్గిరాల నుంచి తెచ్చేవాడిని, మీ వైపు నిజామాబాద్ సరుకు వస్తుంది. కొత్త చింతపండు కూడా మాఘ ఫాల్గుణాల్లోనే. ఉల్లిపాయలు రబీ పంటవైతే, అంటే మార్చి తర్వాత వచ్చేవైతే, నెలల తరబడి నిలుస్తాయి. వానాకాలం పంట నిలవదు, అది బస్తా కొంటే పది రోజుల్లో వాసన వచ్చి మీకే చెబుతుంది.

అపార్టుమెంటులో ఎండ దొరకదు కనుక ఏడాదికి కాకుండా ఆరు నెలలకు కొనండి. అది కూడా కందిపప్పు, మిరపకాయలు, చింతపండు, పసుపు, ఈ నాలుగే. మినప్పప్పు, శనగపప్పు, రవ్వలు, గోధుమపిండి దాచకండి. రవ్వకూ పిండికీ పురుగు ఎక్కడి నుంచి వస్తుందో దేవుడికే తెలియాలి. ధనియాల పొడి లాంటివి నిలవ ఉంటే వాసన పోయి రంపపు పొట్టులా అవుతాయి.

కందిపప్పు ఎలా దాచాలో మా ఆవిడ చెబుతోంది, రాసుకుంటున్నాను. ఒకరోజు ఎండలో పోసి, వేడి చల్లారనిచ్చి, కిలోకు చిన్న చెంచాడు ఆముదం వేసి రెండు చేతులతో బాగా పులమాలి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోయాలి. తడి చెయ్యి పెట్టకూడదు. వండే ముందు గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడగాలి. మిరపకాయలు తొడిమలు తీయకుండా దాచితే రంగు నిలుస్తుంది. తొడిమ తీయడం కారం పట్టించే రోజు చేసుకునే పని.

ఒక్క హెచ్చరిక. ధర ఆకాశంలో ఉన్నప్పుడు భయపడి దాచకండి. 2015 దసరా, దీపావళి రోజుల్లో కందిపప్పు కిలో రెండు వందల దగ్గరకు వెళ్లింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో పది కిలోలు తీసుకున్న ఇల్లాళ్లు నిశ్చింతగా ఉన్నారు. అక్టోబరులో ఇంకా పెరుగుతుందని బస్తా పట్టుకెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి ఎందుకు, నేనే ఎనిమిది బస్తాలు ఆ ధరకు దింపించాను. తర్వాతి పంట విరగపండింది, 2017 నాటికి పప్పు ధర సగానికి పైగా పడిపోయింది. ఆ బస్తాల్లో చివరి రెండూ నేను అమ్మలేదు, మా ఇంట్లోనే తిన్నాం. ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పు లేని పూట లేదు.

మా వీధి కొట్టులో ఖాతా ఉంది. నెలాఖరుకు కడతాం. ఖాతా మంచిదా, ఫోనుతో అప్పటికప్పుడు చెల్లించడం మంచిదా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

నాయనా, ఖాతాదారు ధర అడగడు. 36 ఏళ్లలో ఖాతా పుస్తకం పట్టుకుని 'కిలో ఎంత?' అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అడిగితే కొట్టువాడు చిన్నబుచ్చుకుంటాడని మొహమాటం. అణా పైసలతో సహా నిజాయతీగా రాసినా, నగదు ఇచ్చేవాడికి తగ్గించినట్టు ఖాతావాడికి నేను తగ్గించలేదు. నెల రోజులు నా డబ్బు మీ దగ్గర ఉంటుంది కదా, నా వడ్డీ నాకు రావద్దా?

ఫోను చెల్లింపులో వేరే చిక్కు. జేబులోంచి నోటు తీస్తే ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది, ఫోను తీస్తే కనబడదు. మీకు జీతం ఒకటో తేదీన వస్తుంటే సరుకుల డబ్బు నోట్లుగా తీసి ఒక కవరులో పెట్టి చూడండి, మూడు నెలలు. నచ్చకపోతే మళ్లీ ఫోనే. ఖాతా మాత్రం పూర్తిగా మూసేయకండి. కష్టకాలంలో బ్యాంకు కంటే ముందు ఆదుకునేది వీధి చివరి కొట్టే. నేను ఎంతమందికి రాశానో, ఎంతమంది కట్టకుండా ఊరు మారారో అది వేరే కథ.

లీటరు నూనె అనుకుని తెచ్చిన ప్యాకెట్టు మీద 870 గ్రాములని ఉంది. పక్క ప్యాకెట్టు కంటే ఐదు రూపాయలు తక్కువ. తక్కువకు వచ్చినట్టా కాదా?
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

రాలేదమ్మా. నూనె నీళ్ల కంటే తేలిక. లీటరు నూనె తూస్తే దాదాపు 910 గ్రాములు తూగుతుంది. మీరు రాసిన ధరలతోనే లెక్క కడదాం. 870 గ్రాములకు 150 రూపాయలంటే వంద గ్రాములకు 17 రూపాయల 24 పైసలు. పక్కనున్న 910 గ్రాముల ప్యాకెట్టు 155 అంటే 17 రూపాయల 3 పైసలు. తక్కువ అనుకున్నదే ఎక్కువ.

ఇది ఒక్క నూనెతో ఆగదు. పది రూపాయల బిస్కెట్టు పొట్లం ఎప్పుడూ పది రూపాయలే, లోపలి బరువు మాత్రం ఏడాదికేడాది చిక్కిపోతుంది. నా కొట్టుకు కొత్త అట్టపెట్టె వచ్చినప్పుడు ఎత్తిన చేతికి ముందు తెలిసేది, ముద్రించిన అంకె తర్వాత చూసేవాడిని. ఇప్పుడు గరిష్ఠ ధర దగ్గరే గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని కూడా అచ్చువేయాలన్న నిబంధన ఉంది. అక్షరాలు చీమకాళ్లంత ఉంటాయి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. రెండు ప్యాకెట్లు పోల్చడానికి ఆ ఒక్క అంకె చాలు. గరిష్ఠ ధర కంటే ఎక్కువ అడిగితే 1915కు ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు.

రైతుబజారుకు వెళ్దామని మా అత్తగారు, ఇంటి ముందు బండి దగ్గరే కొందామని నేను. బజారు మాకు దూరం, ఆటోకు రానూ పోనూ 120 రూపాయలు. ఎవరిది ఒప్పు?
— ఒక కోడలు, విశాఖపట్నం

అత్తాకోడళ్ల మధ్యకు నన్ను లాగారు. రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి, దళారి లేకుండా రైతే అమ్ముకోవాలని. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, బయటి చిల్లర ధరకూ వాటికీ తేడా ఉన్నమాట నిజం. కానీ 300 రూపాయల కూరలకు 120 ఆటో అంటే అత్తగారి లెక్క తప్పు. పక్క ఫ్లాటువాళ్లు ఇద్దరిని కలుపుకుని ఆటో పంచుకుని, నిలవ ఉండే ఉల్లి, బంగాళాదుంప, కంద, గుమ్మడి, దోస పదిహేను రోజులకు తెచ్చుకుంటే మీ లెక్క తప్పు. ఆకుకూర, టమాటా, వంకాయ బండి దగ్గరే, ఏ రోజుకు ఆ రోజు. బండివాడు కరివేపాకు కొసరు వేస్తాడు, అడగండి. అత్తగారికి ఈ జవాబులో మొదటి సగం చూపించకండి.

మాకు రేషన్‌లో సన్న బియ్యం వస్తున్నాయి. మా ఆయన అవి తినరు, అమ్మేసి బస్తా కొందాం అంటారు.
— ఒక పాఠకురాలు, నల్లగొండ

2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు కదా. మీరు నలుగురు, అంటే 24 కిలోలు. బజారులో ఒక బస్తా బియ్యమే దాదాపు. అది కిలో ఇంత అని దళారికి ఇచ్చేసి, ఆ డబ్బుకు నాలుగు రెట్లు పోసి అలాంటి బియ్యమే బస్తాలో కొనడం ఏమి లెక్కో మీవారినే అడగండి. పైగా రేషన్ బియ్యం అమ్మడం నేరం. అన్నం మెత్తబడుతోందంటే బియ్యం కొత్తవి, అంతే. ఎసరు పావు గ్లాసు తగ్గించమని మా ఆవిడ సలహా. వండి, ఏ బియ్యమో చెప్పకుండా పెట్టండి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నవి కొనవచ్చా?
— ఒక విద్యార్థి, తిరుపతి

రెండోది కూడా మీకు అవసరమైనదే అయితే కొనండి. గడువు తేదీ చూశాకే.

పోయిన ఏడాది చింతపండు నల్లబడిపోయింది. పారేయాలా?
— ఒక గృహిణి, అనంతపురం

ఇది పూర్తిగా మా ఆవిడ జవాబు. బూజు, పురుగు లేకపోతే నల్లబడినది పారేయనక్కరలేదు. గింజ, ఈనె తీసి, కల్లుప్పు కలిపి జాడీలో అదిమి పెడితే ఇంకో ఏడాది కూడా ఉంటుంది. చారుకూ, సాంబారుకూ, వంకాయ పులుసుకూ అదే మంచిది, పులుపు పట్టు కూడా ఎక్కువ, కాబట్టి కాస్త తక్కువ నానబెట్టండి. పులిహోరకు మాత్రం పనికిరాదు, రంగు చెడుతుంది. దానికి పావుకిలో కొత్తది విడిగా తెచ్చుకోండి. పిండేసిన పిప్పి ఉంచితే ఇత్తడి గిన్నెలకు పనికొస్తుంది.